బరువేసి చూడని బండి

కుప్పంలో మా చక్రాల అలైన్‌మెంట్ షెడ్డు ముందు ఒక స్పీడ్ బ్రేకర్ ఉంది. మొన్న మధ్యాహ్నం ఐదుగురు కూర్చున్న తెల్ల కారొకటి దాని మీదుగా దిగింది. వెనక ఎడమ చక్రం దగ్గర ‘జర్ర్’ మని చిన్న శబ్దం, నిండు గోనెసంచిని సిమెంటు నేల మీద ఒక్కసారి ఈడ్చినట్టు. కారు ఆగాక దగ్గరికి వెళితే వేడెక్కిన రబ్బరు వాసన. చేతిలో ఉన్న స్పానర్‌ను బల్ల మీదికి విసిరేశాను. “ఈ టైర్లు వేసి నీకు తాళం ఇచ్చిందెవరు?” అని అడిగాను, అవసరమైన దానికంటే గట్టిగానే. నడుపుతున్నతను బిత్తరపోయాడు. బెంగళూరులో వేయించానన్నాడు. సరిపోతాయని ఎవరు చెప్పారంటే గుర్తు లేదన్నాడు. ఆ ఒక్క మాటకు నాకు వచ్చిన కోపం అతనికి అర్థమై ఉండదు. అది అతని మీద కోపం కాదు. చాలా ఏళ్లుగా ఉన్నది. రెడ్డెప్ప అనే మనిషి దగ్గర మొదలైంది.

ఆటోమొబైల్ డిప్లొమా చేతికి రాగానే మదనపల్లెలో ఒక టైర్ల షోరూంలో చేరాను. అక్కడ పెద్ద ఫిట్టరు రెడ్డెప్ప. పెద్దపంజాణి దగ్గర పల్లె ఆయనది, యాభై దాటిన మనిషి, ఎండిన చింతకాయలాంటి వేళ్లు. బండికి సైజు మార్చి టైర్లు వేసిన ప్రతిసారీ ఆయన ఒక పని చేసేవాడు. ఒక పాత పెయింటు డబ్బాలో తడి సున్నం ఉండేది. చక్రం మీద వంగి ఉండే రేకు లోపలి అంచుకు ఆ సున్నం బ్రష్షుతో పూసేవాడు. తర్వాత బండిలో బరువు వేయాలి. మార్కెట్ దగ్గర దొరికితే టమాటా క్రేట్లు, దొరకకపోతే ఎదుటి టీ బంకు దగ్గర నిలబడిన మనుషులు. “రండప్పా, రొంచేపు బరువుగా కూచోండి” అని పిలిచేవాడు. టీ బంకు గోవిందప్ప మంచి లావు మనిషి. “నాలుగు క్రేట్లు మోసుకొచ్చే దానికంటే గోవిందప్ప మేలు, వాడే నడిచొస్తాడు” అనేవాడు రెడ్డెప్ప. “టైర్లు మీవి, ఊపిరి నాది” అని గోవిందప్ప గొణుక్కుంటూనే వెనక సీట్లో ఇరుక్కునేవాడు. అట్లా నిండిన బండిని గుంతల్లో తిప్పి, స్టీరింగు ఆ చివర నుంచి ఈ చివర వరకు తిప్పి, తెచ్చి నిలబెట్టి, పడుకుని చూసేవాడు. సున్నం ఎక్కడ చెరిగితే అక్కడ టైరు తగిలినట్టు. చెరిగితే తాళం ఇచ్చేవాడు కాదు.

నాకు అది నాటువైద్యంలా కనిపించేది. నా దగ్గర నోట్‌బుక్ ఉంది, కాలిక్యులేటర్ ఉంది. టైరు పక్కన రాసి ఉండే అంకెల్లో మొదటిది వెడల్పు, రెండోది ఆ వెడల్పులో పక్క గోడ ఎత్తు ఎంత శాతమో, మూడోది లోపలి రిమ్ కొలత. వాటితో చక్రం మొత్తం ఎత్తు లెక్క కట్టొచ్చు. ఎత్తు పెద్దగా మారకపోతే స్పీడోమీటరు అబద్ధం చెప్పదు, బండి పికప్ మందగించదు. ఇదంతా రెడ్డెప్పకు వివరించాను. ఆయన శ్రద్ధగా విన్నాడు. తర్వాత నన్ను పక్కన కూర్చోబెట్టుకుని వెడల్పు టైర్లు వేసిన ఒక కారును పుంగనూరు రోడ్డు మీద నడిపాడు, స్టీరింగు మీద రెండు వేళ్లే ఉంచి. రోడ్డు మీద లారీ చక్రాలు తొక్కిన గాడి వచ్చినప్పుడల్లా కారు తనంతట తానే అటు జరుగుతోంది. “సూడు, బండి రోడ్డును ఎతుక్కుంటా పోతాండాది. పాత టైర్లతో ఇట్ల పోయిండ్లా. ఇది నీ లెక్కలో యాడుండాది?” అన్నాడు. పక్క గోడ పొట్టిదైనందుకు ప్రతి గుంతా నడుముకు తెలుస్తోంది. మలుపులో మాత్రం బండి గట్టిగా నిలబడుతోంది. అది కూడా ఆయనే చెప్పాడు, దాచలేదు. “మంచిదీ ఉండాది, సెడ్డదీ ఉండాది. రెండూ సెప్పి ఇయ్యాల” అన్నాడు. నోట్‌బుక్‌లో రాసుకున్నాను. రాసుకోవడం నాకు బాగా వచ్చు.

నిమ్మనపల్లె వెంకటరమణ సొంత కారులో టూరిస్టులను హార్స్లీ హిల్స్‌కు తిప్పేవాడు. కొత్త అల్లాయ్ చక్రాలు, వెడల్పు టైర్లు వేస్తే బండి చూడగానే ఎక్కుతారని మా షోరూం ఓనరు అతనికి నచ్చజెప్పాడు. పాత సైజు నూట అరవై ఐదు, ఎనభై, పద్నాలుగు. కొత్తది నూట తొంభై ఐదు, అరవై, పదిహేను. రెడ్డెప్ప చక్రాలు బిగించాడు, సున్నం డబ్బా మూత తీశాడు. అప్పుడు ఓనరు వచ్చాడు. వెంకటరమణకు ట్రిప్పు ఉంది, తొందరగా పంపాలి. గోవిందప్ప ఆ రోజు లేడు, మార్కెట్ అయిపోయి క్రేట్లూ లేవు.

“రేపు రమ్మను సామీ. బరువేసి సూడకుండా నేనియ్యను” అన్నాడు రెడ్డెప్ప.

ఓనరు నా వైపు తిరిగాడు. “ఏమప్పా, సదువుకున్నోడివి నువ్వుండావు కదా. నువ్వు సెప్పు, సరిపోతాదా లేదా?”

నేను నోట్‌బుక్ తీశాను. ఒకటి, చక్రం ఎత్తులో తేడా ఐదు మిల్లీమీటర్లలోపు. రెండు, స్పీడోమీటరు తేడా లెక్కలోకి రాదు. మూడు, టైరు మోయగల బరువు చాలు. నాలుగు, బ్రేకులకు చక్రం తగలదు. నాలుగూ నిజమే. ఐదోది నేను రాయలేదు. టైరు ముప్పై మిల్లీమీటర్లు వెడల్పైంది, కొత్త చక్రం కూర్చునే తీరు వల్ల అది పాతదానికంటే బయటికి వచ్చింది. ఖాళీగా ఉన్నప్పుడు రేకు అంచుకు, టైరుకు మధ్య నా రెండు వేళ్లు పట్టాయి. అది చాలనుకున్నాను. “సరిపోతుంది సార్” అన్నాను. డెలివరీ కాగితం మీద నా సంతకం పెట్టాను. మొదటిసారి నా చదువును ఒకరు నలుగురి ముందు అడిగారు. ఆ సంతోషం ఇప్పటికీ గుర్తుంది, గుర్తొస్తే నాలుక చేదవుతుంది.

రెడ్డెప్ప బ్రష్షును డబ్బాలో పడేశాడు. “నువ్వు సెప్పినావు కదా డిప్లొమా. నువ్వే ఇయ్యి తాళం.” ఇచ్చాను.

మూడో రోజు వెంకటరమణ వచ్చాడు. రెడ్డెప్ప వేరుశెనగ పనికి ఊరికి పోయి ఉన్నాడు. “అప్పా, ఎనక మనుషులు కూచుంటే స్పీడ్ బ్రేకర్ కాడ జర్రంటాది” అన్నాడు. బండి అప్పుడు ఖాళీగా ఉంది. నడిపి చూశాను, ఏ శబ్దమూ లేదు. “కొత్త రబ్బరు, సర్దుకుంటుంది” అన్నాను. ఈ వాక్యాన్ని నేను ఎన్నిసార్లు నాలో నేనే తిట్టానో లెక్క లేదు.

తర్వాతి వారం కొండ దిగుతుండగా మలుపులో అతని వెనక ఎడమ టైరు పగిలింది. ప్రతి కుదుపుకూ రేకు అంచు టైరు పక్క గోడను కొంచెం కొంచెం కోస్తూ వచ్చింది. బండి తోక తిరిగి పిట్టగోడకు కొట్టుకుంది. లోపలి వాళ్లు బతికారు. వెంకటరమణ కుడి మణికట్టు విరిగింది. డ్రైవరుకు చెయ్యంటే ఏమిటో చెప్పనక్కర్లేదు.

అతని అన్నదమ్ములు షోరూంకు వచ్చారు. ఓనరు ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. “ఈ ముసలాయప్ప సరిగ్గా బిగించలా” అని రెడ్డెప్పను చూపించాడు. అందరి ముందు ఆయనను పనిలోంచి తీసేశాడు. నా సంతకం ఉన్న కాగితం బల్ల మీదే ఉంది. ఓనరు దాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుని, నాకు మాత్రమే వినిపించేలా “నువ్వు గమ్మనుండు. ముందు శానా జీవితముండాది నీకు” అన్నాడు. రెడ్డెప్ప పాత గుడ్డతో రెండు చేతులూ తుడుచుకుంటూ నన్ను చూశాడు. ఒక చెయ్యి తుడుచుకున్నాడు, రెండో చెయ్యి తుడుచుకున్నాడు. నేను మాట్లాడడానికి అంత సమయం ఇచ్చాడు. నేను అలైన్‌మెంట్ మెషిన్ తెర వైపు చూస్తూ నిలబడ్డాను. అందులో ఏ బండీ లేదు. ఆయన గుడ్డను కొక్కేనికి తగిలించి వెళ్లిపోయాడు. సున్నం డబ్బా అక్కడే వదిలేశాడు.

పదకొండు రోజులు ఓనరును ద్వేషించాను. ద్వేషించడం సులువుగా ఉంది. తర్వాత కోపం రెడ్డెప్ప మీదికి మళ్లింది. నిజం ఆయనకు తెలుసు, ఒక్క మాట చెప్పి ఉంటే అయిపోయేది కదా అనిపించింది. ఆయన పుంగనూరులో ఒక రేకుల షెడ్డు కింద పంక్చర్లు వేస్తున్నాడని తెలిసి బస్సెక్కాను. దిగీ దిగగానే అరిచాను.

“ఎందుకు చెప్పలేదన్నా? సంతకం నాదని నీకు తెలుసు కదా. మొత్తం నీ మీద వేసుకుని పోయి, నన్ను ఇట్లా చేస్తావా?”

ఆయన ట్యూబును నీళ్ల తొట్టిలో ముంచి బుడగల కోసం చూస్తున్నాడు. తల ఎత్తాడు. ఆయనకు అంత కోపం రావడం నేనెప్పుడూ చూడలేదు.

“నేను మీదేసుకొని పోయినానా? నన్ను తరిమినారు! నీ మీద దయతో గమ్మనుండాననుకున్యావా? సెప్పాల్సినోడు నా ఎదురుగా నిలబడుండాడు. నోట్లో నాలుక ఉండాది, సేతిలో బుక్కుండాది. నీ మాట నేనెందుకు సెప్పాల? ఈడికొచ్చి నా మీద అరిసేది యాల? ఎవురికి సెప్పాల్నో ఆడికి పో. పంక్చరుంటే రా, లేదంటే ఎలుతురుకు అడ్డం తప్పుకో.”

షెడ్డు నీడలోంచి పక్కకు జరిగాను.

అటునుంచే నిమ్మనపల్లె వెళ్లాను. వెంకటరమణ కట్టు కట్టిన చేతితో ఇంటి ముందు కూర్చుని ఉన్నాడు. వరసగా చెప్పాను: కాగితం, సంతకం, తాళం, కొత్త రబ్బరు మాట. అతను చివరిదాకా విన్నాడు. “ఈ సెయ్యి బాగుండింటే ఇప్పుడే నీ సెంప పగలగొట్టింటా. బాగయ్యేదాకా బాకీ” అన్నాడు. మరుసటి రోజు షోరూంలో, కస్టమర్లు ఉండగా, అదే మాటలు అదే వరసలో చెప్పాను. ఓనరు నన్ను బయటికి పొమ్మన్నాడు. మూల ఉన్న సున్నం డబ్బా తీసుకుని పోయాను. దానివల్ల రెడ్డెప్ప ఉద్యోగం తిరిగి రాలేదు. ఆయన పేరు మీద పడిన మాటను తుడవడానికి ఊరికి తీరిక లేదు. చెడు మాట మార్కెట్ దాటి వెళుతుంది, దిద్దిన మాట గుమ్మం దగ్గరే ఆగిపోతుంది. ఇది తలుచుకుంటే ఈ రోజుకీ పళ్లు నూరుకుంటాను.

చెయ్యి నయమయ్యాక వెంకటరమణ బాగు చేయించిన కారును పుంగనూరుకే తీసుకెళ్లాడు, పాత సైజు టైర్లు రెడ్డెప్ప చేతనే వేయించుకోవాలని. రమ్మంటే నేనూ వెళ్లాను, సున్నం డబ్బా తీసుకుని. రెడ్డెప్ప డబ్బాను చూశాడు, నన్ను చూశాడు, డబ్బా అందుకున్నాడు. చక్రాలు బిగించి రేకు అంచులకు సున్నం పూశాడు. పాత సైజేగా అని వెంకటరమణ అంటే, “గోడకు కొట్టుకున్న రేకు. యాడికి వంగిందో నీకు తెలుసునా?” అన్నాడు. దారిన పోయే ఇద్దరిని పిలిచి వెనక కూర్చోబెట్టాడు. ఇంకొక చోటు మిగిలింది. నా వైపు తల ఊపాడు. “ఎక్కు డిప్లొమా. నీ సదువు బరువెంతో సూస్తాం.”

ముగ్గురం మోకాళ్లు కొట్టుకుంటూ కూర్చున్నాం. ఆయన ఆ ఊళ్లో ఉన్న గుంతలన్నీ వెతికి మరీ దింపాడు. తల పైకప్పుకు తగిలింది. తిరిగొచ్చాక నన్నే కింద పడుకుని చూడమన్నాడు. సున్నం ఎక్కడా చెరగలేదు. “సరిపోయింది” అన్నాను. “ఎవురు సెప్పింది?” అన్నాడు, తాళం గుప్పిట్లోనే ఉంచుకుని. “నేను” అన్నాను. అప్పుడు తాళం నా చేతిలో పెట్టాడు. నేను వెంకటరమణకు ఇచ్చాను. క్షమించానని ఆయన ఎప్పుడూ అనలేదు. పోయిన ఏడాది తన ఊళ్లోనే కన్నుమూశాడు. అప్పటికీ అనలేదు.

మొన్నటి ఆ తెల్ల కారును పోనివ్వలేదు. సున్నం పూసి, వాళ్లైదుగురినీ ఎక్కించి గుంతల్లో తిప్పాను. వెనక రెండు వైపులా చెరిగింది. నడుపుతున్నతని వేలు పట్టుకుని రేకు అంచు మీద పెట్టించాను, తర్వాత టైరు మీద పడుతున్న గీత మీద. అతను పాత చక్రాలు తెప్పించుకోవడానికి ఫోన్ తీశాడు. నా షెడ్డులో సైజు మార్చిన ప్రతి బండికీ ఒక కాగితం ఉంటుంది. అందులో ఎత్తు, వెడల్పు, చక్రం ఎంత బయటికి వచ్చింది, బ్రేకులు, స్టీరింగు రెండు చివరలు, నిండు బరువు, రోడ్డు మీద నడక అని ఏడు అంశాలు. ఎనిమిదోది రెడ్డెప్ప అడిగినదే: ఎవరు చెప్పారు? దాని ఎదురుగా నా పేరు రాస్తాను, పొడి అక్షరాల్లో కాదు, ఇంటి పేరుతో సహా, దూరం నుంచి కూడా చదవగలిగేంత పెద్దగా.