కాగితం అంటుకున్న కుళాయి

పొద్దున ఆరింటికి మా అద్దె ఇంటి మెట్ల కింద మోటారు గుర్రుమంటుంది. ఆ వెంటనే వంటింట్లో కుళాయి బుస్సుమని గాలి పీల్చుకుంటుంది. ఈ చప్పుళ్ళు వినగానే నెల్లూరులో మామూలు మనుషులు బిందెలు పట్టుకుని లేస్తారు. నాకేమో భయమేస్తుంది. దెయ్యాల సినిమా ఒంటరిగా చూసి, మధ్యలో రెండు ప్లేట్లు ఇడ్లీ కూడా తినే రకాన్ని నేను. అలాంటివాడికి కుళాయిని చూసి భయపడటం నేర్పింది సుగుణ గారు.

ఆమె సముద్రానికి దగ్గరగా ఉన్న ఓ చిన్న మున్సిపాలిటీలో నీటి సరఫరా చూసే డిప్యూటీ ఇంజనీరు. నా మొదటి బాసు. సన్నటి మనిషి. ఏ క్షణాన ఏం పగులుతుందో అన్నట్టు నేలకేసి చూస్తూ నడిచేవారు. ఆఫీసులో చాటుగా ఆమెను 'భయం మేడం' అనేవాళ్ళు. ఆ పేరు పెట్టింది నేనే. ఉద్యోగంలో చేరిన రెండో వారానికి నేను సాధించిన ఘనకార్యం అదొక్కటే.

ఊళ్ళో పైపులన్నీ కంప్యూటర్లో గీసి, నీళ్ళు వదిలితే ఏ మూల ఎంత ఒత్తిడి ఉంటుందో లెక్కకట్టడం నా పని. ఒత్తిడి సరిపోతే నీలం చుక్క, చాలకపోతే ఎర్ర చుక్క. అప్పట్లో పాత లైనును పొడిగించి, ఊరి చివర చేపలు పట్టేవాళ్ళ పాళేనికి నీళ్ళివ్వాలనుకున్నారు. నా లెక్కలో పాళెం చుక్క చక్కటి నీలం. పురిటిబిడ్డను చూపించినట్టు తీసుకెళ్ళి మేడం ముందు పెట్టాను.

"ఇందులో మోటార్లు యాడుండాయి?" అన్నారు.

"కుళాయికి మోటారు బిగించి నీళ్ళు లాక్కోవడం నేరం మేడం. అందుకని లేవు."

"చట్టంలో లేవులే. ఇళ్ళల్లో?"

"దాచిపెట్టినవి వెతకడం పోలీసుల పని కదా మేడం."

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. "పాళేనికి పైన, ఇదే లైనుమీదుండే కాలనీ అంతా ఇల్లిల్లూ తిరిగి చూసుకోని రా అబ్బయా," అన్నారు. ఎండ మండిపోతోంది. నేను టీకొట్టు దాకా తిరిగి, కాలనీ అంతా తిరిగానని చెప్పాను. ఆమె నా మొహంలోకి కాసేపు చూసి సంతకం పెట్టారు.

నీళ్ళు వదిలి చూసే రోజు పొద్దున్నే ఇద్దరం పాళేనికి వెళ్ళాం. లైనులో ఆఖరి కుళాయి చెంగమ్మక్కది. పసుపు రాసిన బిందె, పక్కన ఇంకో నాలుగు బిందెలు పెట్టుకుని పెళ్ళివారి కోసం చూసినట్టు చూస్తోంది. ఆరింటికి నీళ్ళొచ్చాయి. ఆరుంపావుకు సన్నబడ్డాయి. తర్వాత ఆగిపోయాయి. కుళాయి బుస్సుమంది.

"ఏంది మేడమా, ఇది ఊపిరి పీలుస్తా ఉండాది?" అంది చెంగమ్మక్క.

"దానికీ దాహమేసినట్టుందక్కా," అన్నాను నేను.

ఎవరూ నవ్వలేదు. సుగుణ గారు నా చేతిలోని రిపోర్టు మూల చించి, ఆ ముక్కను కుళాయి మూతికి ఆనించి చెయ్యి తీసేశారు. ముక్క పడలేదు. మూతికి అతుక్కుని వణికింది. చూస్తుండగానే మధ్యలో గుంటపడి, ఇంత లోపలికి పోయింది.

"కాలనీలో మోటార్లు ఏసినారు," అన్నారామె మెల్లగా. "పైపు నీళ్ళియ్యట్లా. పీలుస్తా ఉండాది. యాడ చిల్లుంటే ఆడ్నించి."

చిల్లు ఎక్కడుందో వెతుక్కుంటూ లైను వెంట వెనక్కి నడిచాం. వంద అడుగులు దాటకుండానే దొరికింది. పాత పైపు అతుకు మురిక్కాలవలో మునిగి ఉంది. దాని పక్కన నల్లటి నీళ్ళు చిన్న సుడి తిరుగుతూ లోపలికి దిగుతున్నాయి. చప్పుడు లేదు. నా నోట్లో ఒక్క జోకూ లేదు.

పరుగున వెనక్కి వచ్చేసరికి, కాలనీలో మోటార్లు ఆపేసినట్టున్నారు, కుళాయిలో మళ్ళీ నీళ్ళు పడుతున్నాయి. తేటగా ఉన్నాయి. భయపెట్టింది అదే. చెంగమ్మక్క అత్త గడపలో కూర్చుని, బీపీ మాత్ర నోట్లో వేసుకుని, గ్లాసు చివరిదాకా తాగి మూతి తుడుచుకుంటోంది. చెంగమ్మక్క నాకూ ఒక గ్లాసు అందించింది. "మొదట నువ్వు తాగు నాయినా. మాకు నీళ్ళు తెచ్చినోడివి."

మేడం నావైపు చూశారు. గ్లాసు నా చేతిలో ఉంది. తాగలేను. తాగొద్దంటే నేను కాలనీ తిరగలేదని ఒప్పుకున్నట్టే. అంతమంది పేగులు ఒక పక్క, నా పరువు ఒక పక్క. సిగ్గులేకుండా చెబుతున్నాను, నాకు నిర్ణయించుకోవడానికి కాస్త సమయం పట్టింది.

"తాగబాకండక్కా," అన్నాను. "ఎవురూ తాగబాకండి. నేను చూడకుండానే చూసినానని చెప్పినా."

"మా అత్త తాగేసిందే!" అంది చెంగమ్మక్క.

లైను కట్టేయించాం. ఆశా కార్యకర్తను పిలిపించాం. ఆ తర్వాత మూడు రోజులు ట్యాంకరు వెంట పాళేనికి వెళ్ళి, ముందు ఆ గడపే చూశాను. మొదటిరోజు ముసలామె కనబడలేదు. ఇంటి వెనక్కి పరిగెత్తాను. చూస్తే పెరట్లో చేపలు ఎండేస్తోంది. మూడోరోజు నన్ను చూసి, "నేనెప్పుడు పోతానా అని వస్తా ఉండావా అబ్బయా? నీకంత తొందరైతే చెప్పు," అంది. ఆమెకు ఏమీ కాలేదు. నాకే విరేచనాలు పట్టుకున్నాయి, ఉత్త భయానికి.

సుగుణ గారు నన్ను తిట్టలేదు. "నాకు అనుమానమొచ్చీ సంతకం పెట్టినా. తప్పు నాది గూడా," అన్నారు. "నా మొదటి లైనులో ఇట్టే జరిగింది. ఎవురూ పోలేదు. అది నా తెలివి గాదు. ఏం గాలేదు గదా అని మర్చిపోబాక," అన్నారు. 'భయం మేడం' అన్న పేరు మళ్ళీ నా నోట రాలేదు.

తర్వాత ఇద్దరం కాలనీ అంతా ఇల్లిల్లూ తిరిగాం. మోటార్లు సిమెంటు గోతాల కింద, కుక్క గూట్లో, ఒకచోట దేవుడి పటాల వెనక దొరికాయి. అన్నీ లెక్కలోకి ఎక్కించాక నా కంప్యూటర్ తెరకు తట్టు పోసినట్టయింది. పాళెం చుక్క అన్నిటికన్నా ఎర్రన. మేడం మొదటిసారి తృప్తిగా తలాడించారు. "ఇప్పుడు నిజం చెప్తా ఉండాది." మురిక్కాలవకు దూరంగా, ట్యాంకు నుంచి పాళేనికి విడిగా పైపు వేసిందాకా ఆమె మరో సంతకం పెట్టలేదు.

నిరుడు రిటైరయ్యారు. నా పర్సులో ఇప్పటికీ చిన్న కాగితం ముక్క ఉంటుంది. పొద్దున మోటారు మోగగానే ముక్కను కుళాయికి ఆనిస్తాను. అతుక్కుంటుంది. కిందికెళ్ళి స్విచ్చి ఆపుతాను. మా ఓనరు పైనుంచి, "ఏం ఇంజనీరయ్యా, నీళ్ళ ఆఫీసోడివై ఉండి నాకే నీళ్ళు రాకుండా చేస్తావా?" అని అరిచి మళ్ళీ వేస్తాడు. నేను మళ్ళీ ఆపుతాను. ఇల్లు ఖాళీ చెయ్యమని రెండుసార్లు చెప్పాడు. ఈ లైను చివర ఎవరున్నారో నాకు తెలియదు. ఆరుంపావుకు అక్కడ ఎవరో ఒక ముసలామె మాత్ర నోట్లో వేసుకుని, గ్లాసు పట్టుకుని ఉంటుందని మాత్రం తెలుసు.