కారిన పీపా

కోటబొమ్మాళి స్టేషన్లో ఆ రోజు ప్యాసింజరు ఆరు గంటలు ఆలస్యం. సరే, గంటన్నరే. ఆ ఎండకు నాకు ఆరు గంటలనిపించింది.

నా పక్కన ఒక ముసలాయన చెక్క పీపాకు తల ఆన్చి, కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. ఉప్పుచేపల కోసం తన చేత్తో చేసిచ్చిన పీపా కారుతోందని కొన్నవాళ్ళు తిప్పి ఇచ్చేశారట.

"ఏసంగి కాలమంతా ఖాళీగా ఎండలో ఒగ్గేసినారు బావూ. సెక్క ఎండితే సందులు పడవేటి? రెండ్రోజులు నీల్లు పోసి ఉంచితే అదే ఉబ్బి మూసుకుంటాది. సెప్తే ఇన్నారు కాదు, పలాస్టిక్ డ్రమ్ము కొనీసినారు. ఇంక నాను సెయ్యను."

అని, తాగడానికి తెచ్చుకున్న సీసాలో సగం నీళ్ళు ఆ సందుల మీద పోశాడు.

నేను ఊరుకోలేకపోయాను. "మా ఇంట్లో తాతల నాటి పీపాలు ఆరున్నాయి. చుక్క కారవు" అన్నాను.

ఆయన నిటారుగా లేచి కూర్చున్నాడు. "ఆరు పీపాలే! దాసినావా బావూ! ఏ ఊరు మీది? ఓపాలొచ్చి సూసెల్తాను."

గజపతినగరంలో మా వీధి గుర్తులతో సహా చెప్పాను.

నిజానికి మాకున్నది ఒక్కటే. అదీ ఒక వేసవిలో కారిందని నేనే గొడ్డలితో చీల్చి, స్నానాలకు నీళ్ళు కాచుకున్నాను. ఆయన బండి వచ్చేలోగా ఆ మాట చెప్పవచ్చు. చెప్పలేదు. పీపా ఎక్కించడానికి ఒక చెయ్యి వేశాను, అంతే.

ఇప్పటికీ గేటు చప్పుడైతే వెంటనే లేవను. ముందు కిటికీలోంచి చూస్తాను, వచ్చింది ఆయనేనేమోనని.