పథ్యం స్టాక్ లేదండి!

మా చిన్నప్పుడు బెజవాడ గుణదలలో ఇడ్లీలు కొనాలంటే ఇంట్లోంచి గిన్నె పట్టుకుని వెళ్లేవాళ్లం... చట్నీకి వేరే మూత డబ్బా. ఈ సాస్ ప్యాకెట్ల దరిద్రం అప్పటికింకా మా వీధికి రాలేదు లెండి.

వీధి మొదట్లో జానీబీ అత్త ఇడ్లీ బండి ఉండేది. బంధువేం కాదు, వీధి మొత్తానికీ అత్తే. "ఇంట్లో ఎంతమందే?" అని అడిగి, అంతమందికీ సరిపడా చట్నీ పోసి, అడక్కుండానే ఇంకో గరిటె కొసరు వేసేది.

నాకు తొమ్మిదేళ్లప్పుడు అమ్మకి టైఫాయిడ్ వచ్చింది. జ్వరం తగ్గింది గానీ నోటికి ఏదీ సహించక నాలుగు రోజులు ముద్ద ముట్టలేదు. అమ్మ ఇంక లేవదేమోనని నాకు భయమేసింది... గిన్నె పట్టుకుని బండి దగ్గరికెళ్లి, "అత్తా, అమ్మ ఏం తినట్లేదు" అని ఏడ్చేశాను.

"జ్వరం నోటికి పల్లీ చట్నీ ఏం సహిస్తుందే పిచ్చిదానా! పథ్యం పెట్టాలి" అంది. కొనేవాళ్లని అలాగే నిలబెట్టి, వెనక ఇంట్లోకెళ్లి కరివేపాకు, ధనియాలు వేయించి, దంచి, ఆకులో పొట్లం కట్టి తెచ్చింది.

"నాలుగు చుక్కలు నెయ్యేసి కలపమను. తినకపోతే నేనే వస్తానని చెప్పు."

అమ్మ రెండు ఇడ్లీలు తింది. నాన్న తువ్వాలుతో కళ్లు తుడుచుకున్నాడు.

ఇక ఇవాళ్టి సంగతి చూడండి... మా అమ్మాయికి జ్వరం, మూడు రోజులుగా ఏమీ తినట్లేదు. ఫోన్లో ఇడ్లీ ఆర్డర్ పెట్టి, హోటల్ వాళ్లకి సూచనలు రాసే చోట "పథ్యం అండీ, కారం వద్దు" అని రాశాను. ఐదు నిమిషాల్లో ఫోన్ వచ్చింది.

"మేడమ్, పథ్యం స్టాక్ లేదండి. దాని బదులు వేరే ఐటెం ఏమన్నా పంపమంటారా?"

అచ్చమైన బెజవాడ గొంతు! పథ్యమంటే ఐటెం కాదు నాయనా అనేలోపే ఫోన్ పెట్టేశాడు. ఆ మహానుభావుడు బదులు మాత్రం పంపనే పంపాడు... ఆరు చిల్లీ సాస్ ప్యాకెట్లు. ఇడ్లీకి! జ్వరం పిల్లకి!

అసలేం ప్యాకెట్లండీ అవి? చింపమని గీత గీసిన చోట చచ్చినా చిరగవు. పంటితో లాగితే చొక్కా మీద పడుతుంది, మంచం మీద పడుతుంది, ఇడ్లీ మీద మాత్రం పడదు. లోపలున్న రెండు చుక్కల ఎర్రనీళ్లు మిరపకాయకి దూరపు చుట్టం కూడా కాదు. మా పిల్ల వాటిని చూసి అటు తిరిగి పడుకుంది.

హోటల్ వాణ్ణి నోటికొచ్చినట్టు తిట్టుకుంటూ పొడి కోసం వంటింటి సొరుగు లాగాను. సాస్ ప్యాకెట్లు, ఒరేగానో ప్యాకెట్లు, చిల్లీ ఫ్లేక్స్... ఎప్పటికైనా పనికొస్తాయని నేనే దాచిన చెత్త. కరివేపాకు పొడి మాత్రం చెంచాడు లేదు. చేయడమూ రాదు. పథ్యం అనే మాట తెలిసినందుకే ఇంతసేపూ ఎగిరిపడ్డాను, సిగ్గులేకుండా.

మీ ఇళ్లల్లో జ్వరమొస్తే ఏం చేసి పెట్టేవాళ్లు? జ్ఞాపకాలు తర్వాత చెప్పుకుందాం... ముందు కొలతలు రాయండి. పిల్ల ఇంకా ఏమీ తినలేదు.