కలను మళ్ళీ చెప్పించే మా అమ్మ

కలలో పాము కనిపిస్తే సంతానం, ఏనుగు కనిపిస్తే ఐశ్వర్యం, పన్ను ఊడితే ఇంట్లో పెద్దవాళ్ళకు గండం అని రాసిన చిన్న పుస్తకాలు బస్టాండు దుకాణాల్లో వేలాడుతుంటాయి. వాటిని చూస్తే నాకు చిర్రెత్తుకొస్తుంది. అందరి పాములూ ఒకటే పాము ఎట్లా అవుతాయి? ఒకడు పామును చూసి పరుగెత్తి ఉంటాడు, ఇంకొకడు దాని పక్కనే కూర్చుని అన్నం తిని ఉంటాడు. ఇద్దరికీ ఒకే ఫలితం రాసి పడేస్తే సరిపోతుందా? ఈ తెలివి నాకు మా అమ్మ దగ్గర్నుంచి వచ్చింది. మా అమ్మ గొప్పదని చెప్పుకోవడానికే ఇది రాస్తున్నాను. అందులో సిగ్గుపడేదేమీ లేదు.

డెబ్బయ్యో దశకం చివర్లో మేము వరంగల్‌లో మట్టెవాడలో ఉండేవాళ్ళం. మా బాపు జంపఖానాలు నేసేవాడు. ముందుగదిలో మగ్గం పోగా మిగిలిన జాగాలోనే మా బతుకంతా. పంజా అని, ఇనుప పళ్ళతో గోళ్ళలాగా ఉండే పనిముట్టు ఒకటుంటుంది. దానితో నూలును దగ్గరికి కొడుతుంటే ఆ దెబ్బల చప్పుడు పొద్దంతా వీధి చివరిదాకా వినిపించేది. అమ్మ నూలు కండెలు చుట్టేది. నాయినమ్మ గడప దగ్గర కూర్చుని వచ్చేపోయే వాళ్ళందరి మంచిచెడ్డలూ అడిగేది. నేను బడికి పోయేదాన్ని, తిరిగొచ్చి అందరితో పోట్లాడేదాన్ని.

వాడ మొత్తానికి ఒకటే నల్లా. పొద్దున్నే బిందెలు వరసగా పెట్టి ఆడవాళ్ళు అక్కడ చేరేవాళ్ళు. మా వైపు ఒక పద్ధతి ఉంది. చెడ్డకల వస్తే ముందుగా మనిషికి చెప్పకూడదు, పారే నీళ్ళకు చెప్పాలి. నల్లా తిప్పి, వంగి, నీళ్ళకు గొణిగితే కీడంతా మోరీలో కొట్టుకుపోతుందని నమ్మకం. ఆ తర్వాతే మనిషికి. కొందరికి కలలు బారెడు ఉండేవి. వాళ్ళు వంగినవాళ్ళు వంగినట్టే ఉంటే, నల్లా బందయ్యే వేళ దగ్గరపడుతోందని వెనకున్నవాళ్ళు దుమ్మెత్తిపోసేవాళ్ళు.

నీళ్ళకు చెప్పినాక మా అమ్మకు చెప్పేవాళ్ళు. ఆమెకు వాడలో కలల డాక్టరమ్మ అని పేరు. ఎగతాళికే పెట్టారు గానీ, ఎగతాళి చేసినవాళ్ళే ముందు వచ్చేవాళ్ళు. అమ్మ ఎన్నడూ ఫలానా కలకు ఫలానా అర్థం అని చెప్పలేదు. మొదట రాత్రి ఏం తిన్నావని అడిగేది. వంకాయకూర, మిగిలిన చద్దన్నం అంటే, అయితే అది కల కాదు, కడుపు అని పంపించేసేది. తిండి సంగతి తేలినాక కల మొత్తం విని, "మల్ల చెప్పు" అనేది. రెండోసారి చెప్పేటప్పుడు, మొదటిసారి జారిపోయిందేదో బయటికి వస్తుందని ఆమె లెక్క. మనిషి దాచుకున్నది అక్కడే ఉంటుందట.

మా పక్కింటి చిన్నమ్మ ఒకసారి పళ్ళన్నీ ఊడిపోయినట్టు కలగని, అత్తకు ఏదో అవుతుందని ఏడుస్తూ వచ్చింది. రెండోసారి చెప్పేటప్పుడు, ఊడిన పళ్ళు నోట్లోనే ఉన్నాయనీ, ఉమ్మేద్దామంటే అందరూ చూస్తున్నారనీ అంది. మరి ఏ మాట మింగి కూర్చున్నావు తల్లీ అని అమ్మ అడిగింది. ఆడబిడ్డ మీద కోపం, ఎన్నాళ్ళదో, ఆ నల్లా దగ్గరే ధారగా బయటపడింది. సాయంత్రానికి ఆడబిడ్డతో పోట్లాట అయింది, మర్నాటికి ఇద్దరూ కలిసి సినిమాకు పోయారు. అత్త గుండ్రాయిలాగా చాలా ఏళ్ళు బతికింది. ఇంకొకామెకు ఇంటి వెనక తలుపు తెరిచి ఉన్నట్టు మాటిమాటికీ కల వస్తుంటే, అర్థం తర్వాత చూద్దాం, ముందు పోయి గొళ్ళెం చూసుకొమ్మంది అమ్మ. గొళ్ళెం నిజంగానే ఊడి వేలాడుతోంది. నవ్వుకున్నాం గానీ, కలను వాడుకోవడమంటే అదే కదా! నిద్రలో కనిపెట్టింది మెలకువలో పనికిరావాలి.

ఆ తర్వాత మా ఇంటికే వచ్చింది కల.

బాపుకు గజ్జల దగ్గర ఉబ్బు మొదలైంది. మగ్గం మీద వంగి పంజాతో కొట్టీ కొట్టీ వచ్చిందో, ఎట్లా వచ్చిందో. పడుకుంటే లోపలికి పోయేది, లేస్తే మళ్ళీ పొడుచుకొచ్చేది. పెద్ద దవాఖానాలో చూపిస్తే పేగు జారిందన్నారు. ఆపరేషన్ చేయాలి, ఆలస్యం చేస్తే పేగు అక్కడే ఇరుక్కుని ప్రాణం మీదికి వస్తుందని డాక్టరు నెమ్మదిగా, మాకు అర్థమయ్యేట్టు చెప్పాడు. ఏ రోజు రావాలో కూడా చెప్పాడు. బాపు సరేనని తలూపి వచ్చాడు.

ఒకరోజు పొద్దున్నే బాపు లేచి కూర్చుని, దవాఖానాకు పోనన్నాడు. తెల్లారుజామున ఆయనకు పెద్దబాపు కలలోకి వచ్చాడు. పెద్దబాపు అంటే మా బాపుకు సొంత అన్న. అంతకు కొన్నేళ్ళ ముందు కడుపునొప్పితో పోయాడు. ఆయన కలలోకి వచ్చి, రమ్మని చెయ్యి ఊపాడట. బాపు వెంట నడిచాడట. చనిపోయినవాళ్ళు కలలో పిలిస్తే పోకూడదని, పోతే వాళ్ళలో కలిసినట్టేనని మా దగ్గర చిన్నపిల్లలకు కూడా తెలుసు. బాపు పోయాడు కాబట్టి ఆపరేషన్ బల్ల మీదే తన పని అయిపోతుందని తేల్చుకున్నాడు. నీళ్ళకు చెప్పకుండా ఆ కలను తిన్నగా నాయినమ్మకు చెప్పాడు. ఒక కొడుకును పోగొట్టుకున్న తల్లి ఆమె. దవాఖానా మాట ఎత్తితే ఊరుకునేది లేదని గడపకు అడ్డంగా కూర్చుంది.

వాడంతా నాయినమ్మ వైపే. మా అమ్మ ఏమంటుందోనని నల్లా దగ్గర అందరూ ఆమె నోటి వంకే చూశారు. అమ్మ బిందె నింపుకుని వచ్చేసింది. బాపు మీద నాకు ఒళ్ళు మండిపోయింది. కలకు భయపడి ప్రాణం మీదికి తెచ్చుకుంటావా అని అరిచాను. అమ్మ నన్ను గదమాయించి నోరు మూయించింది. డాక్టరు రమ్మన్న రోజు దాటిపోయింది. ఉబ్బు మాత్రం కలలను లెక్కచేయలేదు. పడుకున్నా లోపలికి పోవడం తగ్గింది. బాపు మగ్గం మీద కూర్చోలేకపోయాడు. ఇంట్లో ఆ పంజా చప్పుడు ఆగిపోవడం నేను అప్పుడే మొదటిసారి విన్నాను, భయమేసింది.

ఒక మధ్యాహ్నం బాపు చాప మీద పక్కకు తిరిగి పడుకుని ఉన్నాడు. అమ్మ కండెలు చుడుతూ, తల ఎత్తకుండానే, ఆ కల ఏందో నాకు చెప్పనేలేదు కదా అంది. బాపు విసుక్కున్నాడు. అయినా చెప్పాడు. అన్న వచ్చాడు, చెయ్యి ఊపాడు, వెంట పోయాను, మెలకువ వచ్చింది. అంతే.

"మల్ల చెప్పు," అంది అమ్మ.

ఈసారి అన్న భుజం మీద తువ్వాల వచ్చింది. రిక్షా ఒకటి వచ్చింది. పెద్ద గేటు వచ్చింది. ఏం గేటని అమ్మ అడిగింది. బాపు మిల్లు గేటేమో అన్నాడు. గేటు పక్కన ఏముందంటే, పాలు, బ్రెడ్డు అమ్మే డబ్బా అన్నాడు. అని, తనే ఆగిపోయాడు. ఆ డబ్బా ఉన్నది దవాఖానా గేటు పక్కన.

అమ్మ చేతిలో కండె ఆగలేదు. "బావ గేటు బయట ఉన్నడా, లోపలున్నడా?"

"లోపల."

"మరి ఆ కడుపునొప్పి అప్పుడు?"

బాపు గోడ వైపు తిరిగి అన్నాడు. "అప్పుడు లోపలికి పోలే. గేటు కాడ భయపడ్డడు. ఇంటికి పోదాం తమ్మీ అన్నడు. నేనే... రిక్షా తిప్పమన్న."

ఆ సంగతి మా ఇంట్లో ఎవరికీ తెలియదు. దవాఖానా వాళ్ళు మందులిచ్చి పంపించారని ఇద్దరూ కలిసి చెప్పిన మాటనే అందరం నమ్మాం. అన్నను తానే చంపుకున్నాననుకుంటూ బాపు అన్నేళ్ళూ ఆ మగ్గం మీద ఎట్లా కూర్చున్నాడో! ఆయన భుజాలు కదులుతుంటే నేను చూడలేకపోయాను.

గడప దగ్గర నాయినమ్మ ఉంది. అంతా విన్నది. లేచి పోట్లాడుతుందేమో, శాపనార్థాలు పెడుతుందేమో అనుకున్నాను. ఆమె మోకాళ్ళు పట్టుకుని లేచి వచ్చి బాపు పక్కన కూలబడింది. వీపు మీద చెయ్యి వేసింది.

"వాడు చిన్నప్పటి సంది మొండోడు బిడ్డా. నువ్వు రిక్షా తిప్పకపోతే దుంకి నడిసొచ్చెటోడు," అంది. కొంచెం ఊపిరి తీసుకుని, "వాడు పోనికాడికి నిన్ను పొమ్మంటాండు. లేవు," అంది.

అమ్మ నోటితో ఒక్క అర్థం చెప్పలేదు. ఎవరి కల వాళ్ళ చేతనే విప్పించింది. కన్నతల్లి చెప్పాల్సిన మాటను ఆమె చేతనే చెప్పించింది. ఇంకొకరైతే ఇదీ దీని అర్థం అని మొదటిరోజే వాదనకు దిగేవాళ్ళు, నాలాగా. వాదనకు బాపు లొంగేవాడా? నాకు తెలిసి లొంగేవాడు కాదు.

మర్నాడు రిక్షాలో పోయాం. గేటు దగ్గరికి రాగానే బాపు ఆపమన్నాడు. వెనక్కి తిప్పమంటాడేమోనని చూశాను. ఆయన దిగి, ఒక చేత్తో పొత్తికడుపు పట్టుకుని, మా కోసం ఆగకుండా లోపలికి నడిచాడు. నాయినమ్మ రిక్షాలోనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆపరేషన్ బాగానే జరిగింది. ఇంకొన్ని రోజులు ఆగితే కష్టమయ్యేదని డాక్టరు అన్నాడు. తెలివి వచ్చాక బాపు మొదట అడిగింది మగ్గం మీద సగంలో ఆగిన జంపఖానా గురించి. అప్పుడు నాకు ఆయన మీద కోపమంతా పోయింది.

ఆ మధ్యాహ్నం అమ్మ మంచం పట్టెకు తల ఆనించి, నేల మీద కూర్చున్నచోటే నిద్రపోయింది. చుట్టూ అన్ని మంచాలు, అంత గోల, అయినా కదలలేదు. బాపు కూడా కళ్ళు మూసుకునే ఉన్నాడు. అమ్మ లేచాక నేను ఆటపట్టించాను. ఏం కల వచ్చింది డాక్టరమ్మా, రెండుసార్లు చెప్పు అన్నాను.

అమ్మ నవ్వలేదు. కొంగుతో మొహం తుడుచుకుంది.

"కలనా? మీ బాపు ఆ కల చెప్పిన కాడినుంచి నేను కన్ను మూస్తే గద. లోపలికి పిలిచిన బావ మీ బాపును లోపల్నే ఉంచుకుంటె నేనేం జేద్దును?"

ఆ మాట అనేసి, బాపుకు వినిపించిందేమోనని మంచం వైపు చూసింది.