పరీక్ష బండి దాకా నడిపించిన చాంద్‌బీ చిన్నమ్మ

మా పొరుగింటి గాజుల చాంద్‌బీ చిన్నమ్మ గుండె ఆగి కన్నుమూసిందన్న కబురు మొన్న బడిలో నేను పాఠం చెబుతుండగా చేరింది. నిజం చెప్పాలంటే దుఃఖం కంటే ముందు భయం ముంచుకొచ్చింది. ఈ నెలాఖరున నేను పట్నం దవాఖానలో పరీక్ష చేయించుకోవాలి. ప్రతి ఏడూ నా వెంట వచ్చే మనిషి ఇక లేదు. ఈ స్వార్థానికి సిగ్గుపడుతూనే ఆ పుణ్యాత్మురాలి గురించి నాలుగు మాటలు రాస్తున్నాను.

రామన్నపేటలో ఆమె చేత గాజులు తొడిగించుకోని ఆడవాళ్లు అరుదు. భర్త పోయిన నాటి నుంచి ఇల్లిల్లూ తిరిగి, కులమతాలకు అతీతంగా పెళ్లికూతుళ్లకూ చూలింతలకూ గాజులు వేసింది. "గుంజుకుంటే పగులుతది బిడ్డా. చెయ్యి నాకిడిసిపెట్టి నువ్వు ముచ్చట జెప్పు" అనేది. చెప్పే లోపలే గాజులన్నీ ఎక్కేవి. ఒక ఇంటి గుట్టు ఇంకో ఇంటి గడప దాటించేది కాదు. అట్లాగని శాంతమూర్తి అనుకునేరు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లనే రకం.

కొన్నేళ్ల కింద, రొమ్ము క్యాన్సర్ పరీక్షలు చేసే బండి మా బడి ఆవరణకు వస్తుందని తెలిసింది. వాడకట్టు ఆడవాళ్లు హడలిపోయారు. రోగం బయటపడితే పిల్లల పెళ్లిళ్లు ఆగిపోతాయని ఒకరు, తెలియకుండా బతకడమే నయమని ఒకరు. నా భయం వేరు. మా అమ్మ ఆ రోగంతోనే పోయింది. "ఏం లేనిదానికి ఎందుకు గెలుకుడు చిన్నమ్మా?" అని తప్పించుకోబోయాను.

ఆమె నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "మీ అమ్మ చెయ్యి ఉబ్బి గాజు ఎక్కనప్పుడే నాకు సమజైంది బిడ్డా. ఎవ్వలికి జెప్పొద్దని ఒట్టు ఏయించుకున్నది. నేను జెప్పలే. గా ఒట్టు నన్ను ఇంకా తింటాంది. నువ్వు వస్తవా, మీ ఆయనకు జెప్పాల్నా?" అన్నది. అమ్మ పోయిన ఇన్నేళ్లకు ఆ సంగతి నాకు తెలిసింది. కోపం వచ్చింది, ఏడుపు వచ్చింది. చివరికి వస్తానన్నాను.

ముందురోజు సాయంత్రం తన అరుగు మీద అందరినీ కూర్చోబెట్టి సన్నాహాలు చెప్పింది. పైభాగం ఒక్కటే విప్పడానికి వీలుగా చీర, రవికె వేసుకుని రావాలి. పుస్తెలతాడు వీపు మీదికి వేసుకుంటే చాలు, తీయనక్కరలేదు. ఇవన్నీ ఊరి దవాఖాన నర్సమ్మను అడిగి తెచ్చిన మాటలు. ఆపైన తన సొంత తెలివి ఒకటి జోడించింది. "సూపెట్టేది పరాయామెకు. చెమట వాసనొస్తే మన ఇజ్జత్ ఏంగావాలె? మంచిగ తానం జేసి, చంకల దాక పౌడర్ కొట్టుకోండ్రి."

తెల్లారి పెళ్లికి పోతున్నట్టు ఘుమఘుమలాడుతూ వరుసలో నిలబడ్డాం. చిన్నమ్మ బండి మెట్ల దగ్గర పౌడర్ డబ్బాతో కాపలా. చాలలేదనుకున్నవాళ్లకు, నాతో సహా, మళ్లీ కొట్టింది. లోపల యంత్రం నడిపే అమ్మాయి తెర చూసి మొహం చిట్లించింది. పౌడర్ వల్ల బొమ్మలో తెల్లని చుక్కలు వస్తాయట. రోగపు చుక్కలూ అట్లాగే ఉంటాయట. అందరూ కడుక్కుని రావాలన్నది. బడి నల్లా దగ్గర చీరలు అడ్డం పట్టుకుని, చిన్నమ్మను ఆటపట్టిస్తూ కడుక్కున్నాం. ఆమె మొహం చిన్నబోయింది.

రెండోసారి తీసిన బొమ్మల్లో అందరి చుక్కలూ పోయాయి. నాకు మాత్రం ఎడమవైపు ఒక మూల కొన్ని అట్లాగే ఉన్నాయి.

"గది నా పౌడరే" అన్నది చిన్నమ్మ. "నీకు రెండుసార్లు కొట్టిన గద. ఇంకోపాలి కడుగుదాం రా." నల్లా దగ్గర తన తెల్ల దుపట్టా చెంగు తడిపి, చర్మం ఎర్రబడేదాకా తుడిచింది. నేనూ కళ్లు మూసుకుని, పోవాలి, పోవాలి అనుకున్నాను. మళ్లీ తీశారు. చుక్కలు కదల్లేదు. పట్నం పోయి సూది పరీక్ష చేయించుకోమని ఆ అమ్మాయి మెల్లగా చెప్పింది.

సూది పరీక్ష ఫలితం వచ్చేదాకా నాకు అన్నం సయించలేదు. చిన్నమ్మ రోజూ పొద్దున్నే గుమ్మంలోకి వచ్చి, "పౌడరే బిడ్డా, ఫికర్ జెయ్యకు" అని చెప్పి పోయేది. నమ్మిందో లేదో నాకు తెలియదు. రోగమేననీ, తొలిదశలోనే దొరికింది గనుక నయమవుతుందనీ డాక్టరమ్మ చెప్పిననాడు, ఆ రెండో మాట చిన్నమ్మకు వినిపించనే లేదు. దవాఖాన వరండాలోనే చతికిలబడింది. "నా తప్పే అయితే ఎంత మంచిగుండు. తెలివితక్కువ ముసల్దని తిట్టి ఇంటికి పోయేటోళ్లం" అని వెక్కి వెక్కి ఏడ్చింది.

ఆపరేషన్ అయ్యింది, చికిత్స ముగిసింది, నేను బతికాను. పాఠాలు చెబుతున్నాను. నా ఆయుష్షులోని ఈ సంవత్సరాలన్నీ ఆ మహాతల్లి మొండితనం పెట్టిన భిక్ష. ఆమె పవిత్ర స్మృతికి చేతులెత్తి మొక్కడం తప్ప నేనిచ్చుకోగలిగింది ఏముంది?

ఈసారి మా ఆయన వెంట వస్తానంటున్నాడు. మంచివాడే, కానీ ఆయన భయపడితే నేనే ధైర్యం చెప్పాలి. పరీక్షకు పోతాను చిన్నమ్మా, ఎగ్గొట్టను. నా భయంలో సగం ఇన్నేళ్లూ నువ్వు మోశావు. నువ్వు పోయావు గాని, ఆ సగం నీ వెంట రాలేదు. నా దగ్గరికే తిరిగి వచ్చింది.