నేరేడు రంగు గోటు

మొన్న చలి మొదలైందని మా కోడలు గోల్ బజారు నుంచి ఒక దుప్పటి తెచ్చింది. బొచ్చుబొచ్చుగా, మెత్తగా ఉంది, చుట్టూ నిగనిగలాడే సాటిన్ పట్టీ. తను దాని గొప్పలు చెబుతూనే ఉంది గాని, నా బొటనవేలు నాకు తెలియకుండానే ఆ పట్టీ మీద అటూ ఇటూ పోతూ ఉండడం చూసి నేనే ఉలిక్కిపడ్డాను. అలా అంచును రుద్దుకుంటూ నిద్రపోయే పిల్ల ఒకతి మా ఇంట్లో ఉండేది.

ఆ పిల్ల మా అక్క కూతురు. అక్క కామెర్లతో పోయేనాటికి దానికింకా మాటలు సరిగా రాలేదు. బావకు భద్రావతి దగ్గర బొగ్గుగనిలో నౌకరీ, వేళాపాళా లేని షిఫ్టులు. చూసేవాళ్లు లేక పిల్లను విరూర్‌లో మా అమ్మ దగ్గర వదిలాడు. తల్లి కోసం ఏడ్చి ఏడ్చి, అది ఒకనాడు పెట్టెలోంచి అక్క సాటిన్ లంగాను లాక్కుంది. పెళ్లప్పుడు పట్టుచీర కిందికని కుట్టించిన నేరేడు పండు రంగు లంగా అది. దాని అంచును వేళ్ల మధ్య పెట్టి రుద్దుకుంటూ పడుకుంది. ఆనాటి నుంచి ఆ లంగా లేనిదే దానికి కన్ను మూతపడేది కాదు. ఉతికి ఆరేస్తే ఆరిందాకా దండెం కిందే కూర్చునేది.

కొన్నాళ్లకు బావ మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. తప్పనలేం, వయసులో ఉన్నవాడు. ఎడ్లకు చేసే పొలాల పండుగ కాగానే పిల్లను తీసుకుపోతానని కబురు పెట్టాడు. మా వైపు ఒక భయం ఉండేది, మీలోనూ కొందరికి తెలిసే ఉంటుంది: పోయిన మొదటి భార్య కట్టిన బట్ట ఇంట్లో ఉంటే రెండో ఆమెకు మంచిది కాదని. ఆ లంగా కనబడితే కొత్త ఇంట్లో ఒక్కరోజైనా ఉంచుతారా, అది లేకపోతే ఈ పిల్ల నిద్ర ఏం కావాలి అన్నదే అమ్మ దిగులు. అప్పటికే పెళ్లయి చంద్రపూర్‌లో ఉన్న నన్ను పిలిపించింది. ఇద్దరం ఆలోచించి, ఆ లంగాను కత్తిరించి పిల్ల బొంతకు గోటు కుట్టాలనుకున్నాం. అంచు మీదుగా మడిచి చుట్టూ కుట్టే పట్టీని మేం గోటు అంటాం.

సాటిన్ ఎంత సతాయిస్తుందో కుట్టినవాళ్లకే తెలుసు. చేతిలో నిలవదు, సూది ముందు జారిపోతుంది, కత్తెర పడిన చోటల్లా పోగులు లేస్తాయి. గంజిలో తడిపి, ఇత్తడి చెంబులో నిప్పులు పోసి ఇస్త్రీ చేస్తే గాని మడత నిలవలేదు. లంగా కలీలు కలీలుగా, అంటే పైన సన్నగా కింద వెడల్పుగా కోసిన ముక్కలుగా, ఉంటుంది గనుక పొడుగు పట్టీలు రావు. అతుకు దగ్గర పిల్ల వేలికి గడ్డ తగలకూడదని పొట్టి ముక్కలన్నీ ఏటవాలుగా కలిపాను. అమ్మ సూదిలో దారం ఎక్కించి ఇస్తూ, మధ్యమధ్య ఒక ముక్కను చెంపకు ఆనించుకునేది. చివరికి నాడా తప్ప ఏమీ మిగల్లేదు. పిల్ల లంగా కోసం వెతికి, బొంత అంచు చేతికి తగలగానే ఊరుకుంది. మేం ఊపిరి పీల్చుకున్నాం.

బావతో వచ్చిన కొత్త ఆమె మెడలో పుస్తెల పక్కన చిన్న వెండి బిళ్ల ఉంది. పోయిన మొదటి ఆమె పేరున రెండో ఆమె వేసుకునేది. అది చూసి నా మనసు కరిగి, ఉన్న మాట చెప్పేద్దామని వంటింట్లో అమ్మ చెవిలో అన్నాను.

"ఊకో బిడ్డా. అడిగితె బజార్ల కొన్నమని నేనే చెప్త," అంది అమ్మ.

అడగనే అడిగింది పాపం, గోటు మంచిగుంది, ఎక్కడిదని. అమ్మ రాజురా బజారు పేరు చెప్పింది.

ఆ రోజుల్లోనే బజార్లు ఒక్కసారిగా మారిపోయాయి. అంతకుముందు ఎంతో వెతికితే గాని దొరకని సాటిన్ రంగురంగుల తానులుగా వచ్చిపడింది. మరుసటేడు మేం భద్రావతి పోయేసరికి బావ క్వార్టర్‌లో రంగుల టీవీ, దాని ముందు బొంత మీద పిల్ల, బొంత చుట్టూ గులాబి రంగు గోటు.

"పాతది పోగులు లేశిందవ్వా, పిల్ల నోట్లె పెట్టుకుంటున్నది. గందుకే ఇప్పి కొత్తది కుట్టిన," అంది ఆమె, మెచ్చుకుంటామేమోనని చూస్తూ. నాకంటే సన్నగా కుట్టింది. పాతది ఏం చేశావంటే పెరట్లో చిక్కుడు తీగకు కట్టానంది. అమ్మ చేతులు కడుక్కునే నెపంతో పెరట్లోకి పోయింది, వెనకే నేనూ వెళ్లాను. ఎండకు వెలిసి, వానకు నానిన ఆ పీలికలు అమ్మ వేలు తగిలితేనే చిరిగిపోయాయి. లోపలికొచ్చి చాయ్ తాగి, కొత్త గోటు చాలా బాగుందంది అమ్మ. పిల్ల గులాబి అంచును అదే బొటనవేలితో రుద్దుకుంటూ హాయిగా నిద్రపోయింది. దానికి నిద్ర పట్టిందని సంతోషపడాలో ఏడవాలో మాకు తెలియలేదు.

అమ్మ పోయాక, దినాలకు వచ్చిన రెండో ఆమెకు సంగతంతా చెప్పాను.  ఆమె మెడలోని వెండి బిళ్లను వేళ్లతో పట్టుకుంది.

"గిది రోజు మెడల ఏసుకొని తిరుగుతున్న. ఆమె గుడ్డకు భయపడుతనా అక్కా? ఒక్క మాట చెప్తే పానం లెక్క దాచిపెడుదును."

ఇప్పుడు పిల్లలకు అన్నీ చెప్పి పెంచుతున్నారు. మొదటి ఆమె ఫొటోలు రెండో ఆమె ఫోనులోనే ఉంటున్నాయి. దాచడమే మంచితనమనుకున్న కాలం మాది. ఎదుటి మనిషిలోని మంచితనాన్ని నమ్మవచ్చని మాకు తోచలేదు. అక్క కూతురు అప్పుడప్పుడు వచ్చి వాళ్లమ్మ సంగతులు చెప్పమంటుంది. నాకు చదువు లేదు గాని జ్ఞాపకం గట్టిది. అక్క నడక, అక్క నవ్వు, ఆ నేరేడు రంగు ఎండలో ఎలా మెరిసేదో, అన్నీ చెబుతాను. అంతా విని, ఆ లంగా పట్టుకుంటే ఎట్లుండేది చిన్నమ్మా అని అడుగుతుంది. మెత్తగా ఉండేదని మాత్రం అనగలను. ముట్టుకున్న సంగతిని నోటితో చెప్పడం ఎవరికి చేతనవుతుంది.