చెమట పట్టిన పాటల డబ్బా

మా ముత్తాత ఓబుళరాజు పెన్న ఒడ్డు పల్లెల్లో శిస్తు వసూలు చేసినవాడు. మా తాత తిమ్మరాజు జమ్మలమడుగు కచేరీలో అడుగు పెడితే తహసీల్దారు లేచి నిలబడి కుర్చీ చూపించేవాడు. మా నాయన ఆ కుర్చీ సంగతి చెప్పుకుంటూ కోర్టుల చుట్టూ తిరిగి పోయాడు. నేను పట్టాళంలో చేరాను. మా వంశంలో ఒకరి కింద జీతానికి నిలబడిన మొదటివాణ్ణి నేనే. నిలబడ్డాను గాని వంగలేదు. ఆ మాట నా కింద పనిచేసిన వాళ్ళూ చెబుతారు, నా పైవాళ్ళూ చెబుతారు.

రాష్ట్రం విడిపోయిన కొత్తలో, నవంబరు మొదట్లో, ఉత్తరాన మంచుకొండల్లో ఒక పోస్టుకు నాయబ్ సుబేదారుగా వెళ్ళాను. ఎత్తు పదిహేను వేల అడుగుల పైన. కింది శిబిరం నుంచి తాడు పట్టుకుని ఎక్కితే పూట ప్రయాణం. నేను చేరేసరికి మధ్యాహ్నం మూడు. గాలి పడమటి నుంచి. సూర్యుడు కొండ వెనక్కి పోగానే సున్నాకు ఇరవై డిగ్రీల కిందికి దిగింది. జమ్మలమడుగు ఎండలో పుట్టినవాడికి ఆ చలి మొదట పళ్ళలో తెలుస్తుంది.

పోస్టు అంటే రెండు గదులు. బయటి గదిలో తుపాకులు, దుర్భిణి, తాళ్ళు, మంచు గొడ్డళ్ళు. లోపలి గదిలో మేము, రేడియో, కిరోసిన్ పొయ్యి. ఆ పొయ్యిని అక్కడ బుఖారీ అంటారు. తుపాకులు లోపలికి తేకూడదు. చలిలో ఉన్న ఇనుము వెచ్చటి గదిలోకి వస్తే దానికి చెమట పడుతుంది. ఆ చెమట మళ్ళీ బయట గడ్డకట్టి తుపాకీ గుర్రాన్ని కదలకుండా బిగించేస్తుంది. కొత్తగా వచ్చినవాడికి మేము నేర్పే మొదటి పాఠం ఇదే.

మా పదిమందిలో కడప జిల్లా వాళ్ళం ముగ్గురం. రేడియో ఆపరేటరుది చక్రాయపేట దగ్గర పల్లె, గొర్రెలు మేపే ఇల్లు. వంటవాడిది ప్రొద్దుటూరు. నాది మీకు తెలుసు.

జనవరిలో వంటవాడు సెలవు నుంచి తిరిగి వచ్చాడు. బూట్లు విప్పకముందే వీపు సంచి బయటి జేబులోంచి అగ్గిపెట్టెంత ప్లేయరు ఒకటి తీసి ఆపరేటరు చేతిలో పెట్టాడు. పోస్టులో సెల్‌ఫోన్లు నిషేధం. పాటలు వినే ప్లేయర్లకు మాత్రం కింది శిబిరంలో పరీక్ష చేసి అనుమతి ఇచ్చేవారు.

"ఇదో మామా, పులివెందుల బస్టాండులో మీ అక్క ఇచ్చింది. ఆ తొండూరు పాప పంపించిందంట. పాటల్లో చివర దాని గొంతు ఉందంట. నేను వినలేదప్పా, ఒట్టు!"

"నువ్వు వినకుండా ఉంటావా?" అన్నాడు ఆపరేటరు.

"ఇనాలని చూస్తి. యాడ నొక్కాల్నో తెలీలే."

తొండూరు అమ్మాయితో ఆపరేటరుకు సంబంధం చూశారు. అతను సెలవులో ఉన్నప్పుడే చూపులయ్యాయి. ఆ ఆదివారం తొండూరులో పెద్దలు కూర్చుని మాట ఖాయం చేసుకుంటారు. అదే ఆదివారం కింది శిబిరం వాళ్ళు మా పోస్టుకు ఉపగ్రహ ఫోను మోసుకొస్తారు. మనిషికి ఐదు నిమిషాలు.

ఆపరేటరు బుఖారీ పక్కన కూర్చుని చెవుల్లో తీగలు పెట్టుకున్నాడు. కాసేపటికి ముఖం విప్పారింది. అంతలోనే ముడుచుకుపోయింది. ప్లేయరు అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. మీట నొక్కాడు. వెలుగు లేదు.

"ఏమయింది?" అన్నాను.

"ఆగిపోయింది సాబ్. సగంలో ఆగిపోయింది."

"ఎంతవరకు విన్నావు?"

అతను లేచి నిలబడి, రేడియోలో సందేశం అప్పజెప్పినట్టు చెప్పాడు. "'నేను ఒకటి అడగాల. ఆదివారం మా నాయన ఫోన్లో ఉంటాడు. నువ్వు ఒప్పుకుంటే సరే అను. ఒప్పుకోకుంటే ఆ మాట అనొద్దు, నాకు తెలిసిపోతాది' అనింది సాబ్. అంతే. ఏం అడిగిందో రాలే."

వంటవాడు ఉండబట్టలేకపోయాడు. "అనేయ్ మామా, సరే అని. ఏం అడుగుతాది? చీరో, బంగారమో."

"ఏంది అని ఎరగకుండా ఎట్ల అంటా?"

"అయితే ఫోన్లో అడుగు."

"వాళ్ళ నాయన చేతిలో ఫోను. సుట్టూ పెద్దమనుషులు. ఆ పాప ఎవరికీ తెలీకుండా పంపింది. నేను నోరు తెరిచి అడిగితే దాని మర్యాద ఏం కావాల?"

ఆ మాట నాకు నచ్చింది. విననిదానికి ఒప్పుకోవడం మా ఇంట్లో ఎప్పుడూ లేదు. ఒక ఆడపిల్ల గుట్టు బయటపెట్టడం అంతకంటే లేదు. కాబట్టి మిగిలింది ఒక్కటే. ప్లేయరు పలకాలి. ఆదివారంలోపు పలకాలి.

మొదటి రోజు ఛార్జింగు అయిపోయిందనుకున్నాం. సోలారు బ్యాటరీకి తగిలించాం. వెలుగు రాలేదు. తీగ మార్చాం. రాలేదు. మీట నొక్కిపట్టి పది అంకెలు లెక్కపెట్టాం. రాలేదు. ఆపరేటరు దాన్ని చొక్కా లోపల చంకలో పెట్టుకుని తిరిగాడు. చలికి వణికే గొర్రెపిల్లను వాళ్ళ ఇంట్లో అలాగే బతికిస్తారట. కాపలాకు వెళ్ళేటప్పుడు కోటు పైజేబులోకి మారేది. తిరిగి రాగానే బుఖారీ పక్కకు చేరేది. వంటవాడు వెచ్చటి రొట్టెల గుడ్డలో చుట్టాడు. గార్డు కమాండరు మేజోడులో పెట్టి పొయ్యి మీద వేలాడదీశాడు. ఒక్కొక్కరూ దాన్ని చూసిపోయే తీరు ఆసుపత్రిలో రోగిని చూసిపోయినట్టుండేది.

"ఏమన్నా తినిందా?" అనేవాడు వంటవాడు.

"లేదప్పా. కన్ను కూడా తెరవలే."

రేడియోలో కింది శిబిరం వాడికీ సంగతి తెలిసింది. రోజువారీ వాతావరణం చెప్పి చివర అడిగాడు. "పేషెంటు ఎలా ఉంది? ఓవర్."

"అట్లే ఉంది. ఓవర్."

గురువారం పొద్దున కాపలా దిగి వచ్చిన కుర్ర జవాను మెడలో దుర్భిణితో నేరుగా లోపలికి వచ్చాడు. కళ్ళెదుటే అద్దాలు తెల్లబడి నీరు కారాయి. నాకు ఒళ్ళు మండింది. "బయట వదిలి రావాలని ఎన్నిసార్లు చెప్పాలి? చెమట పట్టిందా లేదా?" అని అరిచాను.

అరుస్తూనే నా చూపు మేజోడు మీద పడింది.

ఎముకలు కొరికే చలిలో బయటి జేబులో వచ్చిన వస్తువు. వచ్చీ రాగానే పొయ్యి పక్కన పెట్టాం. రోజుకు రెండుసార్లు బయటికి, రెండుసార్లు లోపలికి. తుపాకీకి ఏది చేయకూడదో అదంతా దానికి చేశాం. అందరం కలిసి, ప్రేమతో చేశాం. పైగా తడి వస్తువుకు కరెంటు ఎక్కించాం.

ఆర్డరు వేశాను. "ఈ క్షణం నుంచి ఎవడూ దాన్ని ముట్టుకోకూడదు. వెచ్చబెట్టకూడదు. ఊదకూడదు. మీట నొక్కకూడదు."

"సాబ్, చలికి సచ్చిపోతాదేమో" అన్నాడు ఆపరేటరు.

"అది గొర్రెపిల్ల కాదప్పా."

తూటాల పెట్టెల్లో తేమ పీల్చే చిన్న చిన్న పొట్లాలు ఉంటాయి. తెల్లటి గింజలు, తినకూడదని పైన రాసి ఉంటుంది. దొరికినన్ని ఏరించాను. ఖాళీ తూటాల డబ్బాలో పొట్లాల మధ్య ప్లేయరును పెట్టి, మూత బిగించి, పొయ్యికి దూరంగా నా మంచం తల దగ్గర ఉంచాను. దాని మీద నా టోపీ పెట్టాను. నా టోపీ ఉన్నచోట ఎవరూ చేయి పెట్టరు.

శుక్రవారం మంచు కురిసింది. దారి మూసుకుపోతే ఫోను రాదు. వంటవాడు అదే మంచిదన్నాడు. ఆపరేటరు మాత్రం పార పట్టుకుని తాడు దారి దాకా మంచు తోస్తూనే ఉన్నాడు. ఫోను రాకపోతే తొండూరులో వాళ్ళకు అతని గొంతే వినిపించదు. ఆ అమ్మాయి దాన్ని కాదన్నట్టే లెక్కేసుకుంటుంది.

శనివారం మబ్బు విడిచింది. మధ్యాహ్నం భోజనమయ్యాక మూత తీశాను. ఛార్జింగుకు పెట్టాం. కాపలాకు పోయినవాడు తప్ప అందరం నిలబడి చూస్తున్నాం. ఎర్రటి చుక్క ఒకటి వెలిగింది.

"కన్ను తెరిచెరా!" అని వంటవాడు గరిటెతో మూకుడు మీద కొట్టాడు.

అందర్నీ బయటి గదిలోకి నడిపించి తలుపు మూశాను. అది అతనొక్కడు వినాల్సిన మాట.

ఆదివారం పదకొండు గంటలకు ఫోను వచ్చింది. ఆపరేటరు నిటారుగా నిలబడి మాట్లాడాడు. "బాగుండా మామా. తింటాండా. చలా? శానా ఉంది. మామా, సరే. ఏమిటికా? అన్నిటికీ సరే. గట్టిగానే అంటాండా, సరే!" ఐదు నిమిషాల్లో మూడు మిగిలిపోయాయి. వాటిని వంటవాడికి ఇచ్చేశాడు.

"ఎనకాల ఎవరో నవ్వినారు సాబ్" అన్నాడు నాతో.

అప్పుడు అడిగాను. "చెప్పదగ్గదయితే చెప్పు. ఏం అడిగింది?"

"ఆ పాప పుట్టినప్పుడు వాళ్ళ అవ్వ ఒక ఆడ గొర్రెపిల్లను దాని పేరు మీద ఇచ్చిందంట సాబ్. మా వాళ్ళల్లో ఇస్తారు. దాని పిల్లలు, వాటి పిల్లలు, ఇప్పుడు మంద అయింది. 'నువ్వు పులివెందుల్లో బాడిగిల్లు చూస్తాండావని విన్నా. నా గొర్రెలు నా ఎంబడి వస్తాయి. అవి యాడుంటే ఆడ నేనుంటా. సరేనా?' అనింది."

"నీకిష్టమేనా?"

అతను నవ్వాడు. "గొర్రెల ఎనక తిరగలేకనే పట్టాళంలో చేరితి సాబ్. ఇంత ఎత్తు ఎక్కినా నన్ను ఇడిసిపెట్టలే."

ఏప్రిల్‌లో మా స్థానంలోకి వేరే ప్లటూన్ వచ్చింది. తాడు పట్టుకుని దిగాం. మూడు రైళ్ళు మారి, ముద్దనూరులో దిగేసరికి నలభై డిగ్రీల ఎండ. ఆ ఎండలో నిలబడి నేను చాలాసేపు బస్సు ఎక్కలేదు. మే నెలలో తొండూరులో పెళ్ళి. ముందు వరసలో నాకు కుర్చీ వేశారు. పెళ్ళికూతురు నా కాళ్ళకు దండం పెట్టి, "డబ్బాను బాగు చేసిన సాబ్ మీరేనంట కదా" అంది. అవునన్నాను.

ఆ పోస్టులో నాకు మంచు శిఖరాలు, నక్షత్రాలు, సూర్యోదయాలు చాలానే కనిపించాయి. ఏవీ నిలవలేదు. నిలిచింది ఒక్కటే. ఆ శనివారం సాయంత్రం ఆపరేటరు బయట కనిపించకపోతే వెతుక్కుంటూ వెళ్ళాను. పోస్టు వెనక నీలం మంచు గోడకు ముఖం పెట్టి నిలబడి ఉన్నాడు. "సరే" అన్నాడు. తల అడ్డంగా ఊపాడు. గొంతు సవరించుకుని మళ్ళీ "సరే" అన్నాడు. ఇంకొంచెం మెత్తగా, ఇంకొంచెం గట్టిగా, మర్యాదగా, నవ్వుతూ. ప్రతిసారీ నోటి ముందు తెల్లటి ఆవిరి లేచి గోడ మీద వాలేది. నేను చప్పుడు చేయకుండా వెనక్కి వచ్చేశాను.

చక్రాయపేట పక్క బీళ్ళన్నీ ఇప్పుడు చీనీ బత్తాయి తోటలు. మందకు చోటు లేదు. నేను రిటైరయిన ఏడాది, తొండూరు దారిలో మాకు మిగిలిన ఆఖరి బీడును, మంద మేపుకోవడానికి, ఆపరేటరు భార్యకే అమ్మి ఆమె పేరు మీద రాయించాను.